అప్సరసను తూచకూడదు

“అప్సరసను తూచకూడదు బాబూ,” అంటూ ఇసకతాత నేను తెచ్చిన కాటాకూ నా చెల్లెలికీ మధ్య వచ్చి నిలబడ్డాడు.

తూనికలు కొలతల శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైన నాకు, తూచనివ్వని మనుషులు కొత్త కాదు. వాళ్ళ అభ్యంతరాలన్నీ చివరకు పళ్ళెం అడుగున అంటించిన చింతపండు దగ్గరో, కడుపులో సీసం తీసేసిన రాయి దగ్గరో తేలేవి. ఈయన ముఖంలో అటువంటి బెదురేమీ లేదు. చెప్పులు బయట విడిచి రమ్మని చెప్పే ఇంటిపెద్దలా నెమ్మదిగా, ఇక వాదన లేదన్నట్టు చెప్పాడు.

ఆయన పనేమిటో ముందు చెప్పాలి. నా చెల్లెలు ఒక నాటక కంపెనీలో నటి. ఇరవై రెండేళ్ళుగా ఆ కంపెనీ ఏటా కొన్ని నెలలపాటు ఆడే నాటకం ఒకటుంది; అందులో ఆమెది అప్సరస వేషం. ఒక ముని తపస్సు చెడగొట్టమని ఇంద్రుడు పంపితే ఆమె ఆకాశం నుంచి దిగుతుంది. నిజంగానే దిగుతుంది. చీర కింద నడుముకు తోలుపట్టీ, పట్టీకి సన్నని ఉక్కుతాడు. ఆ తాడు పైదూలానికి బిగించిన కప్పీల మీదుగా పోయి, తెరచాటున ఒక ఇనుపతొట్టి దగ్గర ముగుస్తుంది. తొట్టినిండా ఇసుక సంచులు. వాటి బరువు నా చెల్లెలి బరువు కంటే పిసరంత తక్కువ ఉండాలి. అప్పుడే ఆమె దూదిపింజలా దిగుతుంది. తాడు పట్టుకున్న మనిషి ఎక్కడ కావాలంటే అక్కడ ఆపగలడు. ఆ మనిషి ఇసకతాత. నాకంటే నాలుగేళ్ళే పెద్ద. కంపెనీ అంతటికీ తాత కనుక నాకూ తాతే అయ్యాడు.

ఆ ఏడు సగానికి పైగా ఆటలయ్యాక నాటకం కొత్త హాల్లోకి మారింది. తాడుకు ఎంత బరువు కడుతున్నారో కాగితం మీద రాసి, తెలిసినవాడి చేత సంతకం చేయించి ఇమ్మని హాలు వాళ్ళు అడిగారట. కంపెనీ మేనేజరు నన్ను పట్టుకున్నాడు. “ఇంట్లో ఇన్‌స్పెక్టరుగారిని పెట్టుకుని ఊరంతా తిరగడమెందుకండీ?” అన్నాడు. పొగడ్తో, పైసా ఖర్చులేని ఉపాయమో తెలియలేదు కాని, ఒక మధ్యాహ్నం కాటా పట్టుకుని వెళ్ళాను.

“అసలు ఎందుకు తూచకూడదు తాతా? దోషమా?” అని అడిగాను.

“దోషమో పాడో నాకు తెలీదు. మా నాన్న తూచలేదు, నేను తూచను. మనిషిని జానెడు పైకి లేపుతా. కప్పీ ఏమంటుందో వింటా. ఓ సంచి వేస్తా, లేదా ఓ సంచి తీస్తా. అంతే.”

“కప్పీ చెబుతుందా?”

“మీ కాటా చెప్పగా లేంది, నా కప్పీ చెబితే తప్పొచ్చిందా?”

చెల్లెలు పకపకా నవ్వింది. “పెట్టుకోకు అన్నయ్యా. ఇంద్రుడొచ్చి అడిగినా తాత ఒప్పుకోడు.”

కాసేపు కూర్చోబెట్టి, టీ తెప్పించి, అటూ ఇటూ తిప్పి అడిగితే అసలు సంగతి బయటపడింది. వాళ్ళ నాన్న కాలంలో తూచేవాళ్ళు కాదు, నటిని అడిగి రాసుకునేవాళ్ళు. ఒకావిడ తన బరువు ఏడు కిలోలు తగ్గించి చెప్పింది. “ఆ పూట అప్సరస దిగలేదు బాబూ, పడింది. కాలు విరిగింది. మర్నాటి నుంచి మా నాన్న, ఇహ ఈ ఆడంగుల నోటిమాట మనకొద్దురా, చేత్తో చూసుకుందాం అన్నాడు. కాటా తెస్తే మళ్ళీ ఒకరితో ఒకరు పోల్చుకుంటారు, ఏడుపులు, కడుపు మాడ్చుకోడాలు. అదీ వద్దన్నాడు.”

ఆచారాలను వేళాకోళం చేయడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. కాని తవ్వి చూస్తే చాలా ఆచారాల అడుగున ఒక విరిగిన కాలు కనిపిస్తుందని ఆ వయసులో ఒప్పుకోవలసి వచ్చింది.

“సరే. అప్సరసను తూచను. నీ ఇసుకను తూస్తాను. దానికేమైనా అభ్యంతరమా?”

తాత గడ్డం గోక్కున్నాడు. ఇసుక గురించి వాళ్ళ నాన్న ఏమీ చెప్పినట్టు లేదు. “తూచుకోండి,” అన్నాడు.

చెల్లెలు ముఖానికి రంగు వేయించుకోవాలంటూ లోపలికి వెళ్ళింది. నేను సంచులు ఒక్కొక్కటే కాటా మీద పెట్టాను. కాన్వాసు గుడ్డతో కుట్టిన కిలో సంచులు. ఒక్కదానిలోనూ పది గ్రాములు తేడా లేదు. ఎంత మంది వ్యాపారులు ఆ మనిషి కాళ్ళకు మొక్కాలో అనుకున్నాను. మొత్తం నలభై ఆరు కిలోలు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, పొడగరి, నలభై ఆరు కిలోలకు పిసరంత ఎక్కువ. ఎక్కడో ఏదో తప్పనిపించింది. రెండోసారి తూచాను. కాటా సరిగానే ఉంది.

అప్పుడు కిటికీ గూట్లో వరసగా పేర్చి ఉన్న మరికొన్ని సంచులు కనబడ్డాయి. తొమ్మిది. ఒక్కొక్కదాని మీద సుద్దముక్కతో రాసిన తేదీ.

“ఇవేమిటి?”

తాత తాడుకు మైనం రాయడం మొదలుపెట్టాడు. “తీసినవి,” అన్నాడు చివరికి.

“ఎవరి బరువులోంచి?”

“ఎవరున్నారు ఎగిరేది? అమ్మాయే.”

తేదీలు చదివాను. మొదటి సంచి అయిదు నెలల కిందటిది. రెండోది నెల తరువాత. ఆ తరువాత మూడు వారాలకొకటి, రెండు వారాలకొకటి. చివరి రెండూ పది రోజుల్లో. నేను ఉద్యోగంలో ఎన్నో రిజిస్టర్లు చూశాను కాని, గూట్లో పెట్టిన తొమ్మిది ఇసుక సంచులంత స్పష్టంగా దేన్నీ చదవలేదు.

“నాకెందుకు చెప్పలేదు తాతా?”

“డైటింగు చేస్తున్నా తాతా అంది. ఆడపిల్ల బరువు సంగతి మనం మాట్లాడతామా? పైగా అప్సరస తేలికైతే మంచిదే కదా అనుకున్నా. ఆరో సంచి తీసినప్పుడు మాత్రం చెయ్యి ఆగింది. అంతకు ముందువి కూడా గుర్తు తెచ్చుకుని తేదీలు రాసిపెట్టా. ఎవరైనా అడుగుతారేమో చూద్దామని.”

“ఎవరూ అడగలేదా?”

“మీరే మొదలు.”

ఇక్కడ నా సంగతి కూడా దాచకుండా చెప్పాలి. చెల్లెలూ నేనూ ఒకే ఇంట్లో ఉంటాం; ఆమె పై వాటా, నేను కింద. రెండు పూటలా భోజనం ఒకే బల్ల దగ్గర. కొన్ని నెలలుగా ఆమె నాకు రెండింతలు తింటోంది. ‘వేషం బాగా కుదిరింది, ఆకలి కూడా కుదిరింది’ అని ఎగతాళి చేశానే తప్ప, తిన్నది ఎక్కడికి పోతోందని అడగలేదు. అంతకంటే సిగ్గుపడవలసినది మరొకటుంది.

దేవతలు రెప్ప వేయరని మన కథలు చెబుతాయి. వాళ్ళ పాదాలు నేలను తాకవు, మాలలు వాడవు, ఒంటికి చెమట పట్టదు. స్వయంవరంలో మానవుణ్ణి దేవతల్లోంచి ఏరుకోవలసి వచ్చినప్పుడు ఆ గుర్తులతోనే ఏరుకుంటారు. మా చెల్లెలి నాటకం కూడా ఆ నమ్మకం మీదే నిలిచింది. ఆకాశం నుంచి దిగేంతసేపూ అప్సరస రెప్ప వేయకూడదు. మునిని రెచ్చగొట్టడానికి ఆడిన ఆటలేవీ సాగవు. చివరకు ముని కళ్ళు తెరిచి, కోప్పడకుండా, “దాహంగా ఉందా అమ్మా?” అని అడిగి కమండలం అందిస్తాడు. అంతవరకూ ఎవరూ అప్సరసను ఆ మాట అడిగి ఉండరు. ఆ నీళ్ళు తాగినప్పుడు మొదటిసారి ఆమె రెప్ప వేస్తుంది. ఆ ఒక్క రెప్పపాటుతో మనిషైపోతుంది; ఇక పైకి వెళ్ళలేదు.

దిగడానికి పట్టేది తొంభై అయిదు సెకన్లు. మామూలు మనిషి ఆ వ్యవధిలో ఇరవై, పాతికసార్లు రెప్ప వేస్తాడు. నేను ఏటా ముందు వరసలో స్టాప్‌వాచీ పట్టుకుని లెక్కపెడతాను, అదో సరదా. మొదటి ఏళ్ళలో పదకొండు ఉండేవి. సాధన చేసి నాలుగుకు తెచ్చింది. ఆ ఏడు సున్నా. ఒక్కటీ లేదు. పైగా కళ్ళు ఎన్నడూ లేనంత విశాలంగా, దీపాల్లా. మూడో వరసలో ఉన్నవాళ్ళు కూడా ఒళ్ళు జలదరించిందన్నారు. ఇరవై రెండేళ్ళలో మొట్టమొదటిసారి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. “చూశారా, సాధన అంటే అది!” అని నేను కనబడినవాళ్ళందరికీ చెప్పుకు తిరిగాను. కొలత సరిగానే తీసుకున్నాను. దాని అర్థమే తలకిందులుగా చెప్పుకున్నాను.

రంగులు వేసే గదిలోకి వెళ్ళాను. చెల్లెలి కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె కిటికీ దగ్గరకూ తలుపు దగ్గరకూ తిరుగుతోంది. వెనకాలే రంగు బ్రష్షుతో రంగులమ్మ తిరుగుతోంది. ఆవిడ పదిహేనేళ్ళుగా చెల్లెలికి వేషం కడుతున్న మనిషి.

“ఒక్క క్షణం కూర్చోవే అక్కా! దూడ వెంట పాలచెంబు పట్టుకుని తిరిగినట్టుంది నా బతుకు.”

“కుర్చీ గుచ్చుకుంటోందే.”

“ఇన్నేళ్ళు గుచ్చుకోని కుర్చీకి ఇప్పుడు ముళ్ళు మొలిచాయా? చూడండి అన్నయ్యగారూ! రవికెల చంకలు చూడండి. నెలకో రవికె పాడవుతోంది. పూలమాల వేసిన అరగంటకే వాడిపోతోంది. ఒళ్ళు కాదమ్మా ఇది, పొయ్యి. ముఖానికి రంగు నిలవట్లేదు, పూత కిందనుంచి పాలిపోయి కనబడుతోంది.”

నేను గోడకు ఆనుకుని నిలబడిపోయాను.

ఉద్యోగం మానాక కాలక్షేపానికి చదివిన వాటిలో బౌద్ధుల పాత కథలు కొన్ని ఉన్నాయి. స్వర్గంలో దేవకన్యలకూ, దేవుళ్ళకూ ఆయువు తీరే వేళ అయిదు గుర్తులు కనబడతాయని వాటిలో ఉంది. మెడలో మాల వాడుతుంది. బట్టలు మాసిపోతాయి. చంకల్లో చెమట పడుతుంది. ఒంటి కాంతి తగ్గుతుంది. అయిదోది, తన ఆసనం మీద తనకు కూర్చోబుద్ధి కాదు. చదివినప్పుడు నవ్వుకున్నాను. స్వర్గంలో కూడా చెమట గురించి బెంగేనా అని పుస్తకం అంచున పెన్సిలుతో రాశాను కూడా. ఇప్పుడు ఆ జాబితా రవికెల రూపంలో, పూలమాల రూపంలో, ఖాళీ కుర్చీ రూపంలో నా కళ్ళెదుట ఉంది. స్వర్గాన్ని నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఆ జాబితా రాసినవాడు మాత్రం ఒక జబ్బు మనిషి పక్కన చాలా రోజులు కూర్చుని ఉంటాడని అప్పుడే నమ్మాను.

“చెయ్యి చాపు,” అన్నాను.

“దేనికి?”

“చాపవే.”

చాపింది. వేళ్ళ మీద ఒక కాగితం పరిచాను. కాగితం అంచులు సన్నగా వణికాయి, గాలి లేకుండానే. మణికట్టు పట్టుకుని వాచీ చూశాను. నిమిషానికి నూట ఇరవై నాలుగు. మధ్యమధ్య ఒక దెబ్బ తప్పుతోంది.

“పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళుతున్నాం. గొంతులో థైరాయిడ్ గ్రంథి అని ఒకటుంటుంది. అది మితిమీరి పనిచేస్తే బరువు తగ్గిపోతారు, చేతులు వణుకుతాయి, చెమట పడుతుంది. కళ్ళు విప్పారి రెప్ప పడడం మానేస్తుంది.”

చివరి మాట అనకుండా ఉండవలసింది. ఆమె చెయ్యి లాక్కుంది.

“అంటే ఏమంటావు? ఇరవై రెండేళ్ళు అద్దం ముందు కూర్చుని, కళ్ళల్లో నీళ్ళు కారుతున్నా రెప్ప వెయ్యకుండా చేసిందంతా ఏమైంది? ఈ ఏడు జనం లేచి నిలబడ్డది నాకు కాదు, నా గొంతులో గడ్డకా?”

“అలా అనలేదు.”

“అన్నావు. సరిగ్గా అదే అన్నావు. అందరూ నిజం అప్సరసలా ఉందంటుంటే, నువ్వొచ్చి నాడి చూసి రోగం అంటున్నావు. నీకు చిన్నప్పటి నుంచీ అంతే. చందమామను చూపిస్తే గుంటలున్నాయంటావు!”

“ఉన్నాయి కదే.”

“ఉంటే ఉండనీ! ఇంకా పదకొండు ఆటలున్నాయి. అవి అయ్యాక వస్తా నీ డాక్టరు దగ్గరికి. ఇప్పుడు మేనేజరుకి తెలిస్తే రేపే ఇంకో పిల్లను కడతాడు తాడుకి. నలభై ఎనిమిదేళ్ళ అప్సరసను ఒకసారి దింపాక మళ్ళీ ఎక్కిస్తారా ఎవరైనా?”

నేను చెప్పగలిగిందల్లా చెప్పాను. గుండె అలా కొట్టుకుంటూ, దెబ్బలు తప్పుతూ, ఇరవై అడుగుల ఎత్తున వేలాడితే ఏమవుతుందో చెప్పాను. ప్రశంసలో నీ వాటా ఎంతో, జబ్బు వాటా ఎంతో విడదీసే కాటా నా దగ్గర లేదని కూడా ఒప్పుకున్నాను. ఆమె కిటికీలోంచి బయటకు చూస్తూ నిలబడింది. నా వాదనలో లోపం లేదని నాకు తెలుసు. లోపం లేని వాదన వల్ల ఇంట్లో ఎప్పుడూ ఏదీ జరగలేదనీ తెలుసు.

తలుపు దగ్గర దగ్గు వినబడింది. ఇసకతాత రెండు చేతులా సంచులు మోసుకుని వచ్చాడు. వాటిని ఒక్కొక్కటే అద్దం ముందు, రంగు డబ్బాల మధ్య పేర్చాడు. మళ్ళీ వెళ్ళి మిగిలినవి తెచ్చాడు. తొమ్మిదీ.

“ఏంటి తాతా ఇవన్నీ?” అంది చెల్లెలు.

“నీవే తల్లీ. నీ సామాను నీకు ఒప్పజెబుతున్నా. ఇహ నేను సంచి తియ్యను.”

“తియ్యకపోతే ఎలా? నేను దిగొద్దా?”

“దిగవు. గాలిలో పైనే ఉండిపోతావు. అదే చెప్పడానికొచ్చా.” ఆయన మోకాళ్ళ మీద చేతులాన్చి ఊపిరి పీల్చుకున్నాడు. “తియ్యడానికి నా తొట్టిలో ఇంకా నలభై ఆరున్నాయి. తియ్యడానికి నీ దగ్గరేం ఉందమ్మా?”

చెల్లెలు ఒక సంచి ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది, దాని మీది తేదీ చదివింది. ఇంకొకటి ఎత్తింది. నాలుగోది పెట్టుకునేసరికి వణుకుతున్న చేతుల్లోంచి జారి నేల మీద పడింది. ధబ్ మని పెద్ద చప్పుడే వచ్చింది.

“ఇంత బరువా, ఒక్కోటి?” అంది.

“ఒక కిలో. పది గ్రాములు కూడా తేడా లేదు,” అన్నాను.

ఆమె నా వంక చూసి, ఏడుస్తూనే నవ్వింది. “నీ మొహం,” అంది. జారిన సంచిని ఎత్తి అద్దం ముందు పెట్టి, “పొద్దున్న ఎన్నింటికి?” అని అడిగింది.

డాక్టరమ్మ గొంతు తడిమి, కళ్ళు చూసి, రక్తం పరీక్షకు పంపింది. నేను చెప్పిన గ్రంథే. మాత్రలతో కుదుటపడుతుందని, నెలలు పడుతుందని, గుండె వేగం సర్దుకునే వరకూ తాళ్ళూ గాలిలో ఊగడాలూ కుదరవని చెప్పింది. “ఇంకో మూడు నెలలు ఆలస్యం చేసి ఉంటే మాత్రం నేనింత నెమ్మదిగా మాట్లాడేదాన్ని కాదు,” అని చేర్చింది.

మిగిలిన పదకొండు ఆటలూ ఇరవై ఆరేళ్ళ అమ్మాయి ఆడింది. చెల్లెలు మొదటి రెండు ఆటలకూ వెళ్ళలేదు. మూడోదానికి వెళ్ళి, తెరచాటున ఇసకతాత పక్కన స్టూలు మీద కూర్చుంది. ఆ అమ్మాయి దిగుతున్నప్పుడు, “గడ్డం కొంచెం ఎత్తవే, కళ్ళు మండవు,” అని చెల్లెలు గొంతు చించుకున్నంత పని చేసిందని తాత చెప్పాడు. ఇంటికొచ్చాక నాతో మాత్రం, “నాలుగుసార్లు రెప్ప వేసింది. మొదటి ఏడు నావి పదకొండు. ఈ కాలం పిల్లలు గట్టివాళ్ళు,” అంది.

ఆ తరువాతి నెలలు ఇంట్లో మా ఇద్దరికీ అంత తేలికగా గడవలేదు. మందులతో ఆమె ఒళ్ళు చేసింది, ముఖం నిండింది, కళ్ళు వెనక్కి తగ్గాయి. అందరూ తేరుకుందన్నారు. ఆమె మాత్రం జనం లేచి నిలబడ్డ ఆటనాటి ఫొటో ఒకటి అద్దానికి గుచ్చి, దాన్నీ తననూ మార్చి మార్చి చూసుకునేది. ఒకరోజు నేను ఉండబట్టలేక, “కథల్లో అప్సరసలను కూడా ఇంద్రుడు పనికొచ్చినన్నాళ్ళే మెచ్చుకుంటాడు. తపస్సు చెడిందా, ఆవిడ ఏమైందని అడగడు,” అన్నాను. “మరి ఎవరడుగుతారు?” అంది. “సంచులు లెక్కపెట్టేవాడు,” అన్నాను. ఫొటో మాత్రం మరో వారం అక్కడే ఉంది.

ఏడాది తిరిగి నాటకం మళ్ళీ వచ్చింది. డాక్టరమ్మ సరేనంది. మేనేజరు మీనమేషాలు లెక్కపెట్టాడు. “ఆ అమ్మాయికి జనం అలవాటు పడ్డారండీ,” అన్నాడు. చివరకు చెరి సగం ఆటలని తేల్చాడు. చెల్లెలి ఆటలు మొదటివి. ఇసకతాత ఆమెను జానెడు పైకి లేపి, చెవి పెట్టి విని, గూట్లో మళ్ళీ పేర్చుకున్న పాత తొమ్మిదిలోంచి ఒక సంచి తీసి తొట్టిలో వేశాడు. మళ్ళీ విన్నాడు. మరొకటి వేశాడు. తొమ్మిదీ అయిపోయాక గూడు ఖాళీగా కనబడింది. ఇంకా ఒకటి కావాలన్నాడు. కొత్త సంచి కుట్టాల్సి వచ్చింది.

“రాసుకోండి బాబూ,” అన్నాడు నాతో గర్వంగా. “కాటా లేకుండా.”

ఆ సాయంత్రం ముందు వరసలో కూర్చున్నాను. దీపాలు తగ్గాయి. పైనుంచి అప్సరస దిగడం మొదలైంది. ఎప్పటిలాగే స్టాప్‌వాచీ నొక్కాను. ఆరో సెకనుకే రెప్ప వేసింది. పదో సెకనుకు మళ్ళీ. ఆమె ఆపడానికి ప్రయత్నిస్తోందని దవడ బిగుతును బట్టి నాకు తెలిసింది. సగం దారిలో ఆ ప్రయత్నం వదిలేసిందనీ తెలిసింది. ఆ తరువాత భుజాలు సడలాయి. చేతులు, నేను ఇన్నేళ్ళలో చూడనంత హాయిగా, గాలిలో ఆనుకున్నాయి.

నా వెనక వరసలో ఒకావిడ పక్కావిడతో అంది. “అప్పుడే రెప్ప వేసేసిందేమిటి? ముని మంచినీళ్ళిచ్చాక కదా వెయ్యాలి!”

“పోయినేడు చూడాల్సింది వదినా. అచ్చం దేవతే.”

ఆట అయ్యాక చప్పట్లు బాగానే పడ్డాయి. నేను రంగుల గదికి వెళ్ళాను. చెల్లెలు వెనక్కి తిరిగి చూడకుండానే అద్దంలోంచి అడిగింది.

“ఎన్ని?”

“పంతొమ్మిది.”

“లేచారా ఎవరైనా?”

“ఒకాయన లేచాడు. బస్సుకు వేళయిందనుకుంటా.”

ఆమె మొదట నవ్వలేదు. తల వంచుకుని మెడలోని మాలను వేళ్ళతో తడిమింది. పూలు ఇంకా బిగువుగానే ఉన్నాయి. తరువాత భుజాలు కదిలాయి. నవ్వో మరొకటో వెంటనే తేల్చుకోలేకపోయాను. నవ్వే.

“లేవవే అక్కా, చీర నలుగుతోంది,” అని రంగులమ్మ తొందరపెట్టింది.

“లేవను,” అంది చెల్లెలు కుర్చీలో ఇంకొంచెం వెనక్కి వాలి. “కాసేపు కూర్చోనివ్వు. దాహంగా ఉంది, మంచినీళ్ళియ్యి.”